ఉయ్యాల పద్యానికి టీకా తాత్పర్యం

చోడవరం స్వయంభూ విఘ్నేశ్వరుడికి మొక్కి, వేసవి మధ్యాహ్నం చదువుకోదగిన ఈ ఆటవెలదికి టీక మొదలుపెడుతున్నాం.

చెట్టు చెట్టు నడుమ చీర నుయ్యెల గట్టి
పడుకొనంగ వచ్చు పాటు మరచి
మంచ మేల నాకు మామిడి తోటలో
చోడవరపు టెండ సోకకున్న

చెట్టు చెట్టు నడుమ = రెండు చెట్ల మధ్య. తోట మామిడిదే గానీ, ఏ చెట్లకు కట్టాలో కవి చెప్పలేదు, చెప్పడం వ్యాఖ్యాతకు తప్పదు. మునగ పనికిరాదు, దాని కొమ్మనే కాదు, మొదలునూ నమ్మరాదు. కొబ్బరి బలమైనదే గానీ, కింద ఎవరు పడుకున్నారో చూసుకుని కాయ రాలదు. ముదురు మామిడి, చింత ఉత్తమం. అయితే మామిడి మీద ఆకులు కుట్టి గూడు కట్టే ఎర్రచీమలుంటాయి. తాడు కట్టిన క్షణం నుంచి అది వాటికి వంతెన. ఈ సంగతి పద్యంలో లేదు కాబట్టి కవి పడుకోకుండానే రాశాడని మా శంక.

చీరన్ = పాత నూలు చీరను. అంగట్లో దొరికే నైలాన్ వల ఉయ్యాలను కూడా ఇక్కడే కలుపుకోవచ్చు. ఆ వలకు మూలపురుషులు కరేబియన్ దీవులవారు. 1492లో కొలంబస్ బహామా దీవుల్లో దిగినప్పుడు అక్కడివాళ్లు నూలు వలల్లో పడుకోవడం చూశాడు. ఆ వల ఉయ్యాలకు ఇంగ్లిషులో వాడే హేమాక్ అన్న మాట కూడా వాళ్లదే. తర్వాత ఐరోపా ఓడల్లో నావికుల పడక అదే అయింది. ఓడ ఎటు ఒరిగినా మనిషి దొర్లిపడడు, పగలు చుట్టి పెడితే చోటు మిగులుతుంది.

గట్టి = కట్టి. 'బిగువుగా' అని అర్థం చెప్పేవారున్నారు. అది అనర్థం. తాడు నేలబారు గీతకు 30 డిగ్రీల వాలున ఉంటే ఒక్కో వైపు పడే లాగుడు మనిషి బరువుకు సమానం. 70 కిలోల మనిషికి 70 కిలోలు. చూపుకి బాగుంటుందని 10 డిగ్రీలకు బిగిస్తే అదే మనిషికి ఒక్కో చెట్టు మీద 200 కిలోలు పడతాయి. చెట్టు ఓర్చుకున్నా ముడి ఓర్చుకోదు.

పడుకొనంగ వచ్చు = పడుకోవచ్చు. నిలువునా పడుకుంటే వీపు అరటిపండులా వంగిపోతుంది. కాస్త ఐమూలగా ఒరిగితే బట్ట పరుచుకుని నడుము చదునుగా నిలుస్తుంది.

చోడవరపుటెండ = చోడవరంలో కాసే ఎండ. 2022 ఏప్రిల్ 4న ఈ ఊరు విశాఖపట్నం జిల్లా నుంచి అనకాపల్లి జిల్లాకు మారింది. ఎండకు బదిలీ ఉత్తర్వులు రాలేదు. సోకకున్న = తగలకపోతే.

ఇక పూర్వపక్షం. 'పాటు మరచి' అన్నాడు. పాటు = శ్రమ. మామిడితోటలో పట్టపగలు పడుకున్నవాడికి మరవవలసినంత శ్రమ ఎక్కడిది? సమాధానం చీరలో ఉంది. చోడవరం చుట్టూ చెరకు పొలాలు. గోవాడలో సహకార చక్కెర కర్మాగారం, బెల్లం వండితే అనకాపల్లి మార్కెట్టు. గట్టు మీది చెట్టుకు చీర కట్టి, పసిబిడ్డను అందులో వేసి, తల్లి కూలి పనిలోకి దిగుతుంది. ఉయ్యాల ఊగేది నీడలో, పాటు పడేది ఎండలో. ఇంకా పైకి, మాడుగుల, పాడేరు కొండల వైపు వెళ్తే, రోడ్డు లేని గూడేల నుంచి గర్భిణిని దింపే డోలీ కూడా ఈ కట్టే. రెండు చెట్లకు బదులు ఒక కర్ర, రెండు భుజాలు, అంబులెన్సు ఆగిన చోటి దాకా. ఆ ప్రయాణంలో పాటు మరిచేవారు ఎవరూ ఉండరు. కవి ఈ అర్థాన్ని ఉద్దేశించలేదని అందరూ ఒప్పుకుంటారు.

తాత్పర్యం: చోడవరం ఎండ తగలకుండా, మామిడితోటలో రెండు చెట్లకు చీర కట్టుకుంటే మంచం లేకున్నా హాయిగా పడుకోవచ్చునని భావం. ఆ చీర ఎవరిదో, ఉతికి ఆరేసిందెవరో, పడుకోబోయే ముందు కవికి అన్నం వడ్డించిందెవరో భావంలో లేదు.

పాఠపరిష్కారం: మూడో పాదంలో 'నాకు' హగణం. అది తీసి 'తనకు' అని పెడితే నగణం. రెండూ సూర్యగణాలే, గణభంగం లేదు, యతి చెడదు. చీర గలామె పడుకుంటుంది, కవి పక్కన నిలబడి ఊపుతాడు. ఇదే శుద్ధపాఠమని మా నిర్ణయం.