రాజుగారి కొలత

గిజాలో పెద్ద పిరమిడ్ అడుగు వరుస రాళ్ళు మనిషి ఛాతీ దాకా వస్తాయి. దూరం నుంచి మెట్లలా కనిపిస్తాయి గానీ దగ్గరికి వెళితే ఒక్కొక్కటీ ఒక గోడే. పంతొమ్మిదో శతాబ్దంలో వచ్చిన దొరలను ఇద్దరు అరబ్బులు చెరో చెయ్యీ పట్టి పైకి లాగేవారు, మూడో మనిషి వెనక నుంచి తోసేవాడు. అలా కొస దాకా ఎక్కినవాళ్ళు ఊరుకోలేదు, రాళ్ళ మీద పేర్లు చెక్కి మరీ దిగారు. ఆ సంగతి తలచుకుంటే నాకిప్పటికీ కడుపు మండుతుంది.

ఇప్పుడు ఎక్కనివ్వరు. లోపలికి వెళ్ళే దారి వరకే అనుమతి. అది దాటితే జరిమానా, జైలు.

మా బృందంలో ఒక పెద్దాయన ఉన్నారు. గోదావరి జిల్లా, రోడ్ల కాంట్రాక్టరు. ఊరి సెంటర్లో వాళ్ళ నాన్నగారి కంచు విగ్రహం పెట్టించారు, దిమ్మతో కలిపి పద్దెనిమిది అడుగులు. దాని ఫోటో బస్సంతా తిరిగింది. ఆయన కోరికల్లా పైదాకా ఎక్కి నాన్నగారి పేరు చెక్కి రావడం. “ఎంతైనా ఇస్తానని ఆ కాపలావాడికి చెప్పు బాబూ” అని నా చెయ్యి పట్టుకున్నారు. చెప్పనన్నాను. ముఖం తిప్పుకున్నారు.

గైడు కైరో అమ్మాయి. కోప్పడలేదు, పేర్ల సంగతే ఎత్తింది. రాజు గది కప్పు మీద, పై బరువు దాని మీద పడకుండా కట్టి మూసేసిన అరలున్నాయట. 1837లో హోవర్డ్ వైస్ అనే ఇంగ్లీషువాడు తుపాకిమందుతో పేల్చి వాటిలోకి దూరితే, రాళ్ళ మీద ఎర్ర రంగు రాతలు బయటపడ్డాయి. అవి పనివాళ్ళ ముఠాల పేర్లు. ఒక ముఠా పేరు ‘ఖుఫు మిత్రులు’. ఖుఫు అంటే ఈ పిరమిడ్ కట్టించిన రాజు. ఎవరి కంటా పడకుండా నాలుగున్నర వేల ఏళ్ళు చెక్కుచెదరని రాతలు! నాకు ఒళ్ళు జలదరించింది.

పెద్దాయన ధ్యాస వేరే. “ముఠాల సంగతి సరేనమ్మా. ఖుఫుగారి విగ్రహం ఎక్కడ? ఎన్నడుగులు?”

“రేపు మ్యూజియంలో చూపిస్తాను సార్.”

రాత్రి భోజనాల దగ్గర ఆయనే లెక్క కట్టారు. పిరమిడ్ ఎత్తు కట్టినప్పుడు 146 మీటర్లు. 3,800 ఏళ్ళ పాటు అంతకు మించిన ఎత్తు కట్టడం లోకంలో లేదు. అంతటివాడి విగ్రహం యాభై అడుగులకు తగ్గదు. “కొలత రాసుకుంటాను బాబూ. నాన్నగారి శతజయంతికి కొత్తది పోయించాలి.”

మర్నాడు తహ్రీర్ మ్యూజియంలో భారీ రాతి విగ్రహం ఎదురైన ప్రతిచోటా “ఇదేనా?” అని ఆగారు. ఆ అమ్మాయి తల అడ్డంగా ఊపుతూ ముందుకు నడిచింది. చివరికి ఒక గాజుపెట్టె దగ్గర నిలబడింది. లోపల దంతపు బొమ్మ. సింహాసనం మీద రాజు, నెత్తిన కిరీటం, ఛాతీకి ఆనించిన చేతిలో రాజలాంఛనం. 1903లో అబిడోస్ తవ్వకాల్లో పెట్రీ అనే పురావస్తు పరిశోధకుడికి తల లేకుండా దొరికితే, ఆ తల కోసం వారాల తరబడి మట్టి జల్లెడ పట్టించాడట.

పెద్దాయన వంగి చూశారు. “ఇది నమూనా కదమ్మా. అసలు విగ్రహం ఏదీ?”

“ఇదే అసలుది సార్. ఖుఫు పేరుతో సహా దొరికిన నిండు విగ్రహం లోకంలో ఇదొక్కటే. ఎత్తు 7.5 సెంటీమీటర్లు. రాసుకోండి.”