కొండ కదలనిదీ యూనియన్ వల్లేనా?

సెమినార్ల పెద్దమనుషులకు ఓ గట్టి నమ్మకం ఉంది. ఏడుగురు కార్మికులు సంతకాలు పెట్టి సంఘం రిజిస్టర్ చేయించుకుంటే చాలు, యంత్రాలకు నీరసం వచ్చేస్తుందట. 1926 నాటి ట్రేడ్ యూనియన్ల చట్టం, 1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టం లేకపోతే దేశం ఈపాటికి జపాన్‌కు ఇనుప ఖనిజం బదులు కార్లే పంపేదట.

ఈ సిద్ధాంతాన్ని ఓసారి బస్తర్ తీసుకెళ్లాలి. బైలాడిలా కొండల్లో 1968 నుంచి ఖనిజం తవ్వుతున్న ఎన్‌ఎండీసీ హెడ్డాఫీసు హైదరాబాద్‌లోనే ఉంది. అక్కడి గని ఊళ్లు కిరందుల్, బచేలీల్లో ఏఐటీయూసీ, ఐఎన్‌టీయూసీ సంఘాల జెండాలు దశాబ్దాలుగా ఎగురుతున్నాయి. సెమినార్ల లెక్క ప్రకారం ఆ కంపెనీ ఎప్పుడో మూతపడాలి. పాపం, ఆ సంగతి దానికెవరూ చెప్పినట్టు లేదు: కర్ణాటక గనులతో కలిపి 2023-24లో దాదాపు 4.5 కోట్ల టన్నులు తవ్వి పోసింది. ఖనిజం బండ్లు ఆగిన రోజుల్లో కారణం వెతికితే, కొత్తవలస–కిరందుల్ లైన్ మీద వానకు జారిన కొండచరియలో, మావోయిస్టులు పీకిన పట్టాలో కనిపిస్తాయి. కొండచరియ ఏ సంఘంలో సభ్యురాలో ఇంకా తేలలేదు.

నగర్నార్ కథ మరీ చిత్రం. జగ్‌దల్‌పూర్ పక్కన అక్కడ ఇదే కంపెనీ ఉక్కు కర్మాగారానికి 2001లో భూమి తీసుకోవడం మొదలుపెడితే, మొదటి కాయిల్ చుట్టుకున్నది 2023 ఆగస్టులో. సమ్మె చేయడానికి అన్నేళ్లూ అక్కడ కొలిమే లేదు! అది వెలగకముందే, 2020 అక్టోబరులో, కేంద్ర కేబినెట్ ఆ కర్మాగారం అమ్మకానికి పచ్చజెండా ఊపింది.

చట్టం యాజమాన్యం చేతులు కట్టేసిందన్న మాటకొస్తే, 300 మంది లేదా అంతకు మించి పనిచేసే చోట పనివాళ్లను తీసేయాలంటే సర్కారు అనుమతి కావాలన్న నిబంధన 1976లో వచ్చింది. రెండేళ్లకే కిరందుల్‌లో, యంత్రాలొస్తున్నాయి గనుక చేత్తో ఖనిజం తవ్వే వేలమంది కాంట్రాక్టు కూలీలు ఇక అక్కర్లేదన్నారు. వాళ్లు కంపెనీ మనుషులు కారు, కాంట్రాక్టరు మనుషులు. నిబంధన వాళ్ల గుడిసెల దాకా రాలేదు. ఆందోళన ముదిరింది. 1978 ఏప్రిల్ 5న పోలీసులు కాల్పులు జరిపారు. కార్మికులు చనిపోయారు, గుడిసెలు తగలబడ్డాయి. కట్టేసిన చేతులతోనే ఇంత జరిగింది.

ఆ 300 హద్దును 1982 సవరణ 100కు దించింది. అదే సకల అనర్థాలకూ మూలమని నాలుగు దశాబ్దాలు గోల చేశాక, 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన పారిశ్రామిక సంబంధాల కోడ్ దాన్ని మళ్లీ 300 చేసింది. దీని పేరు సరికొత్త సంస్కరణ. కిరందుల్‌లో తుపాకులు పేలిన నాటి హద్దూ అదే.