లంగరమ్మ జాతర

2025 సెప్టెంబరు మొదటి వారం. లండన్‌లో ఉన్న మా అమ్మాయి వీడియో కాల్‌లో పెరుగన్నం తింటూ, చెంచా నోటి దగ్గర పెట్టుకుని అలాగే బిగుసుకుపోయింది. కస్టమర్ కేర్‌కు ఫోన్ చేశాను. ‘‘సర్, మోడెం ఒకసారి ఆఫ్ చేసి ఆన్ చేయండి’’ అన్నాడు కుర్రాడు. చేశాను. జెడ్డా దగ్గర సముద్రం అడుగున తెగిన తీగ మా హాల్లో స్విచ్ నొక్కితే అతుక్కుంటుందని అతనికి చెప్పిపెట్టారు కాబోలు. అతన్నేమీ అనను, వాళ్లిచ్చే జీతానికి అంతకంటే పెద్ద అబద్ధం రాదు.

మన ఫొటోలు, జీతాల లెక్కలు, ఆఫీసు ఫైళ్లు అన్నీ ‘క్లౌడ్’లో భద్రమని నెలనెలా అద్దె గుంజుతున్నారు కదా. తీరా ఆ శనివారం మైక్రోసాఫ్ట్ అజూర్ వాళ్లే ఒక ప్రకటన ఇచ్చారు: ఎర్ర సముద్రంలో కేబుళ్లు తెగాయి, కాస్త ఆలస్యమవుతుంది అని. కాళిదాసు యక్షుడే నయం. అతని మేఘం ఆకాశంలోనే వెళ్లింది. మనది బురదలో పాకుతోంది.

ఆ పాకే తీగ నడిసముద్రంలో పెరట్లో మొక్కలకు నీళ్లు పట్టే పైపంత ఉంటుంది. లోపల వెంట్రుకంత సన్నని గాజు పోగులు, జెల్లీ, రాగి గొట్టం, ఉక్కు తీగలు, పైన ప్లాస్టిక్ తొడుగు. ఖండాల మధ్య నడిచే సమాచారంలో నూటికి 95కు పైగా పాళ్లు దీని మీదే. ప్రపంచం మొత్తం మీద ఏటా 150 నుంచి 200 సార్లు ఎక్కడో ఒకచోట దెబ్బ తింటుంది. టీవీలో మాత్రం శత్రు జలాంతర్గాములు, గూఢచారులు, ఎర్ర బాణం గుర్తులు! నిజానికి చాలాసార్లు దెబ్బ కొట్టేది చేపల వలో, ఓడ యాంకరో. ఆ యాంకరు తెంపితే ఈ యాంకరు అరుస్తాడు.

2024 ఫిబ్రవరి 18న రూబీమార్ అనే ఎరువుల ఓడ మీద యెమెన్ తిరుగుబాటుదారులు హూతీలు క్షిపణి వేశారు. సిబ్బంది లంగరు దించి ప్రాణాలు దక్కించుకున్నారు. దిక్కులేని ఆ ఓడ లంగరును ఈడ్చుకుంటూ రోజుల తరబడి కొట్టుకుపోయింది. దారిలో మూడు కేబుళ్లు తెగాయి. మార్చి 2న ఓడ మునిగింది. తెంపింది ఆ లంగరే అన్నారు అమెరికా అధికారులు. కేబుళ్ల జోలికి మేం పోలేదన్నారు హూతీలు. అందరూ శ్రీవైష్ణవులే, బుట్టెడు రొయ్యలూ మాయం. అతికించడానికి వెళ్దామంటే యెమెన్‌లో సంతకం ఎవరిది? అక్కడ ప్రభుత్వాలు రెండు. తీగ నీళ్లలో, ఫైలు బల్లమీద.

1870లో గ్రేట్ ఈస్టర్న్ ఓడ బొంబాయి నుంచి ఏడెన్ దాకా తంతి తీగ పరిచింది. తెల్లదొర లండన్ నుంచి హుకుం పంపడానికి వేసుకున్న దారి అది. దొర పోయాడు, తంతి పోయింది, దారి పోలేదు. ఇవాళ్టికీ ఆసియా, ఐరోపా కబుర్లు చాలామటుకు బాబెల్ మందెబ్ సందులో తోసుకుంటూనే వెళ్తున్నాయి. ఆ పేరుకు అరబ్బీలో కన్నీటి వాకిలి అని అర్థం. కంపెనీల కరపత్రాల్లో ‘మాకు వేర్వేరు మార్గాలు’ అని ఉంటుంది. నిజమే, కేబుళ్లు వేర్వేరు. సందు ఒకటే. ఒకే గొళ్లేనికి మూడు తాళాలు వేసి, దొంగ వస్తే గొళ్లెం పీకుతాడని తెలియనట్టు నటించడం.

మనకూ మొన్న పండగ వచ్చింది. 2025 అక్టోబరులో గూగుల్ వాళ్లు విశాఖకు 1500 కోట్ల డాలర్లతో ఏఐ కేంద్రం, దానికి తోడు సముద్ర కేబుళ్ల గేట్‌వే ప్రకటించారు. ముంబై, చెన్నై భుజాల మీదే ఇంతకాలం చాలా బరువు పడింది కాబట్టి తూర్పు వాకిలి తెరవడం మంచి పనే, అందులో వెటకారం లేదు. వెటకారం ఫ్లెక్సీల్లో ఉంది. మరమ్మతుకు విదేశీ ఓడలే దిక్కని టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2023లోనే చెప్పింది. ఆ ఓడ ఊసు మాత్రం ఏ ఫ్లెక్సీలోనూ లేదు. తీగ మనది, రేవు మనది, తెగితే కొక్కెం వేసి పైకి లాగే ఓడ ఎవరిదో. ముహూర్తం వాళ్లు పెడతారు, మనం దండలు పట్టుకుని ఒడ్డున నిలబడతాం.

అన్నట్టు, ఆ సెప్టెంబరులో కస్టమర్ కేర్‌తో మాట్లాడిన మూడో రోజు ఫోన్‌కు మెసేజ్ వచ్చింది: ‘‘మీ ఫిర్యాదు పరిష్కరించబడింది. మా సేవకు రేటింగ్ ఇవ్వండి.’’ అయిదు నక్షత్రాలూ నొక్కాను. పేజీ తెరుచుకోలేదు.