వైరస్ రాని విండోస్

ఏలూరు చుట్టుపక్కల కంప్యూటర్లో విండోస్‌కి బదులు లినక్స్ వాడేవాళ్లు వేలల్లో ఉన్నారని చాలాకాలం నలుగురిలో చెప్పుకు తిరిగాను. పెళ్లి భోజనాల్లో పక్క విస్తరి ఆయనకు చెప్పాను. తాడేపల్లిగూడెం పాసింజర్లో ఎదురుసీటు మేష్టారికి చెప్పాను. దెందులూరు రాకముందే ఆయన కళ్లు మూసుకున్నా ఆపలేదు. "ఎవరు లెక్కపెట్టారు?" అని ఒక్కరూ అడగలేదు. అడిగుంటే అప్పుడే బండారం బయటపడేది. లెక్కపెట్టింది నేనే. పెట్టిన తీరు చెబుతాను, నవ్వుకోండి.

మాది వట్లూరు. ఏలూరు పెరుగుతూ పెరుగుతూ మా గడప దాకా వచ్చేసింది గానీ కాగితాల్లో ఇంకా పెదపాడు మండలమే. సర్ సి.ఆర్.రెడ్డి ఇంజనీరింగ్ కాలేజీ మా ఊళ్లోనే ఉండడంతో కంప్యూటర్ పిచ్చి ఉన్న కుర్రాళ్లకు కొదవలేదు. ఆ రోజుల్లో హైదరాబాదులో 'స్వేచ్ఛ' వాళ్ల హడావుడి జోరుగా ఉండేది. ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఫౌండేషన్ ఆంధ్రప్రదేశ్ అన్న పేరుతో మొదలై, తర్వాత స్వేచ్ఛగా పేరు మార్చుకున్న సంస్థ అది. తెర మీద తెలుగు కనిపించే గ్నూ లినక్స్‌ని తయారుచేశారు, పిల్లల కోసం 'బాల స్వేచ్ఛ' అని ఇంకోటి చేశారు, ఇంజనీరింగ్ కాలేజీల్లో వాడుకరుల బృందాలు పెట్టించారు. వాటిని గ్లగ్‌లనేవాళ్లం. 2007లో కేంద్ర ప్రభుత్వ సంస్థ సీడ్యాక్ వాళ్ల బాస్ లినక్స్ కూడా వచ్చింది, అందులోనూ తెలుగు ఉంది. మెనూలన్నీ తెలుగులో చూసిన రోజు నాకు ఒళ్లు పులకరించింది. ఆ పులకరింతే నా కొంప ముంచింది. నాకింత బాగా నచ్చింది అందరికీ నచ్చి తీరాలి కదా అనుకున్నాను. నచ్చినవాళ్లెంతమందో తేలిస్తే చాలు, ఉద్యమం నడిచినట్టే అనుకున్నాను.

మొదటి లెక్క డిస్కులది. ఉబుంటు అనే లినక్స్ రకాన్ని తయారుచేసే కెనానికల్ కంపెనీ 2005 నుంచి 2011 దాకా 'షిప్‌ఇట్' అని ఒక ఏర్పాటు నడిపింది. అడిగితే చాలు, సీడీలు పోస్టులో ఉచితంగా పంపేవాళ్లు. అట్టకవర్లో, బొమ్మతో సహా, కొనుక్కున్న సరుకులా ఉండేవి. పోస్ట్‌మాన్ గారు మా ఇంటి ముందు సైకిల్ ఆపితే వీధిలో నాకో గౌరవం. వచ్చినవి వచ్చినట్టు పంచేశాను. పంచిన ప్రతి డిస్కూ ఒక ఇల్లు అని రాసుకున్నాను. ఇంట్లో ఇద్దరైనా వాడరా? రెండు పెట్టి హెచ్చవేశాను. వాళ్లు ఇంకొకరికి కాపీ చేసి ఇవ్వరా? ఇంకో రెండు. ఎక్కడా తీసివేతన్నది లేని లెక్క అది.

ఆ తర్వాత ఒకసారి పెదపాడులో బంధువులింటికి వెళితే, పెరట్లో దొండపాదు మీద తళతళా ఏదో తిరుగుతోంది. దగ్గరికెళ్లి చూస్తే నేనిచ్చిన ఉబుంటు సీడీ. పురికొసతో పందిరికి కట్టారు. ఎండ తగిలి ఒకవైపు పొర లేచిపోయింది, ఇంకోవైపు ఉబుంటు గుర్తు చెక్కుచెదరలేదు. "చిలకలు వాలట్లేదు తమ్ముడూ, భలే పనిచేస్తంది. ఇంకో రెండుంటే పంపు" అంది అక్క. ఆ ఇంటిని నా పుస్తకంలో నలుగురు వాడుకరులుగా రాసుకున్నాను.

బుద్ధొచ్చిందా? రాలేదు. పంపకం లెక్క తప్పయితే నమోదు లెక్క ఉందిగా అనుకున్నాను. నార్వే దేశస్థుడు హెరాల్డ్ ఆల్వెస్ట్రాండ్ 1993లో 'లినక్స్ కౌంటర్' మొదలుపెట్టారు. లినక్స్ వాడేవాళ్లు తమంతట తామే పేరు రాయించుకుంటే ఒక నంబరు ఇచ్చేవారు. చాలామంది ఆ నంబరు ఈమెయిల్ అడుగున సంతకంతో పాటు వేసుకునేవాళ్లు. నేను నా పేరు రాయించాను. తర్వాత మా ఆవిడ పేరు. తర్వాత అమ్మ పేరు. అమ్మ జన్మలో కీబోర్డు ముట్టలేదు. దాని మీద దుమ్ము తుడిచింది, అంతే. ఆ మాటకొస్తే వాడకం కిందే లెక్క అని నాకు నేను సర్దిచెప్పుకున్నాను. 2018లో ఆ కౌంటర్ మూతపడింది. అందులో ప్రపంచమంతటా ఇలాంటి అమ్మలు ఎంతమంది ఉండేవారో!

ఆ తర్వాత డిస్ట్రోవాచ్ మీద పడ్డాను. 2001 నుంచి ఉన్న జాబితా అది. ఏ లినక్స్ రకం గురించి రోజుకెందరు తెరిచి చూస్తున్నారో వరసగా పెడుతుంది. 2019 నుంచి కొన్నేళ్లపాటు ఎంఎక్స్ లినక్స్ మొదటి స్థానంలో ఉండింది. ఇది చూసినవాళ్ల లెక్కే తప్ప వాడినవాళ్ల లెక్క కాదని జాబితా నడిపేవాళ్లే చెబుతారు. నేను అది చదివాను. చదివి, తెలుగు కలిసొచ్చే రకాల పేర్లు పైకి జరుగుతాయని రోజూ పొద్దున్నే వాటి పేజీలు తెరిచి మూసేవాణ్ణి. అది ఒక్క మనిషి చేసిన పనేనని ఆ జాబితాకు తెలియదేమో గానీ, నాకు తెలుసుగా!

ఇక స్టాట్‌కౌంటర్ అనే లెక్కల సైటు. 2023 జూన్‌లో ప్రపంచం మొత్తం మీద డెస్క్‌టాపుల్లో లినక్స్ వాటా 3 శాతం దాటిందన్నారు; మన దేశంలో చూస్తే 10 శాతం పైనే. పదిమందిలో ఒకడు! ఏలూరు జనాభాని పదితో భాగించి ఆ సంబరంలో పళ్లెం నిండా జున్ను తిన్నాను. అది మనుషుల లెక్క కాదు, పేజీలు తెరిచిన లెక్క. ఒకడు రోజంతా కూర్చుని వంద పేజీలు తెరిస్తే వంద. ఏలూరులో కంప్యూటరే లేని ఇళ్లెన్ని ఉన్నాయో మా వీధి చూసినా తెలిసేది.

అన్నిటికంటే సిగ్గుపడాల్సింది ఒక కాలేజీ సభలో. మాట్లాడమని పిలిచారు. "మీలో లినక్స్ వాడేవాళ్లెంతమంది?" అన్నాను. హాలంతా చేతులు లేచాయి. కళ్లల్లో నీళ్లు తిరిగినంత పనయింది. దిగి వస్తుంటే ఒక అమ్మాయి వెనకాలే వచ్చి, "సార్, వచ్చే వారం ల్యాబ్ పరీక్ష ఉందండీ, అందుకే అందరం ఎత్తాం. ఇళ్లల్లో ఎవరికీ లేదండీ" అంది. నేను గంభీరంగా తలూపాను. నా సంచిలో ఉన్న ల్యాప్‌టాప్‌లో కూడా విండోస్, లినక్స్ రెండూ ఉన్నాయి. ఇన్‌కమ్ టాక్స్, కరెంటు బిల్లు, పిల్లాడి స్కూలు పనులు అన్నీ విండోస్‌లోనే చేసుకునేవాణ్ణి. లినక్స్‌ని ఎవరికైనా చూపించాల్సి వచ్చినప్పుడు తెరిచేవాణ్ణి. అంటే, నా లెక్కలో మొదటి మనిషిని నేనే. ఆ మొదటి మనిషే సరిగ్గా వాడలేదు.

కైకలూరులో మా బావ ఒకడున్నాడు. జనవరిలో కొల్లేటి పక్షుల లెక్కకి వెళ్తుంటాడు. ఆసియా అంతటా 1987 నుంచి ఏటా జరుగుతున్న నీటిపక్షుల గణన అది. ఆటపాకలో గూడబాతుల కోసం అటవీశాఖ నీళ్లలో ఇనుప మంచెలు వేయించింది. వాటి మీద కిక్కిరిసి కూర్చున్న పక్షుల్ని చూస్తే నాబోటివాడు "వేలు, వేలు" అని కేకలేస్తాడు. బావ కేకలేయడు. ముందు వంద పక్షులున్న మేరని కళ్లతో కొలుచుకుంటాడు, ఆ మేరని మంద మీదుగా జరుపుకుంటూ పోతాడు. నా గోడంతా విని ఒకటే అన్నాడు: "మీద నుంచి ఎగిరిపోయేవాటిని మేం లెక్కెయ్యం బామ్మర్దీ. నీళ్లలో దిగి తినేవాటినే వేస్తాం. నువ్వేమో ఎగిరేవాటినే వేసుకున్నావ్. పైగా ఎగరనివాటిని కూడా."

కోపమొచ్చింది గానీ మాట పట్టుకుంది. దిగి తినేవాళ్లని లెక్కపెట్టేదెలా అని వెతికితే, తెలివైనవాళ్లు దాని మీద బుర్ర ఎప్పుడో పెట్టేశారు. డెబియన్ అనే లినక్స్ రకంలో పాపులారిటీ కాంటెస్ట్ అని ఒకటుంది. ఎక్కించేటప్పుడు అడుగుతుంది, సరేనంటే ఏ ప్యాకేజీలు వాడుతున్నారో వారానికోసారి పేరూ ఊరూ లేకుండా పంపుతుంది. ఇంకో లినక్స్ రకం ఫెడోరా వాళ్లు ముందు అప్‌డేట్ల కోసం వచ్చే ఐపీ అడ్రసులు లెక్కపెట్టేవాళ్లు. అందులో చిక్కుంది. ఒక కాలేజీ ల్యాబ్ మొత్తం ఒకే అడ్రసు వెనకాల ఉంటే ఒక్కరిగా లెక్క. రోజుకో అడ్రసు మారే ఇంటి కనెక్షన్ వాడేవాడు ఒక్కడే పదిమందిగా లెక్క. 2020లో ఫెడోరా 32 నుంచి పద్ధతి మార్చారు. ప్రతి మిషనూ వారానికొక్కసారి 'నన్నూ లెక్కెయ్' అంటుంది, వయసెంతో ఉజ్జాయింపుగా చెబుతుంది, ఎవరిదో చెప్పదు. ఒకసారి ఎక్కించి పారేసినవి, నెలల తరబడి నడుస్తున్నవి విడివిడిగా తెలిసిపోతాయి. దొండపాదు మీది డిస్కుకి అక్కడ చోటు లేదు.

కేరళలో అయితే ఈ పాట్లేవీ అక్కర్లేదు. అక్కడి సర్కారు బడుల్లో లినక్సే కాబట్టి బడుల జాబితా తీస్తే సరి. మనకా భాగ్యం లేదు.

అయినా అసలు దెబ్బ తగిలింది అంకెల దగ్గర కాదు. మండవల్లి దారిలో చేపల మేత కొట్టు ఒకటి. తవుడు, వేరుసెనగ చెక్క అమ్ముతారు. చెరువులున్న మా చుట్టం ఒకాయనతో వెళ్లి కూర్చున్నాను. కౌంటరు మీద కంప్యూటరు. తెర మూలల్లో తవుడు పొడి పేరుకుని ఉంది, కీబోర్డుకి ప్లాస్టిక్ కవరు తొడిగారు. యజమాని రెండు వేళ్లతో రైతు ఖాతా తీసి, పాత బాకీ చూసి, బస్తాలు కలిపాడు. చూస్తే లిబ్రె ఆఫీసు. కింద చూస్తే లినక్స్ మింట్. నాకు గుండె ఆగినంత పనయింది.

"ఏవండీ, ఇది ఎన్నాళ్లనుంచి వాడుతున్నారు?"

"ఏదండీ?"

"ఇదే, లినక్స్."

"అదేంటో నాకు తెల్దండీ. పాతది మాటిమాటికీ చెడతంటే మా అల్లుడు వైరస్ రాని విండోస్ వేయించాడు. ఆరేళ్లయింది, ఇప్పటిదాకా డాక్టర్ని పిలవలేదు."

ఆయన ఏ సభకీ రాలేదు, చెయ్యి ఎత్తలేదు, నంబరు తీసుకోలేదు. నేను పంచిన డిస్కుల్లో ఒక్కటీ ఆయన దాకా వెళ్లలేదు. నేను వేలల్లో లెక్కేసిన మనుషుల్లో ఆయన లేడు; ఆయన చేస్తున్న వాడకం నా లెక్కలో ఎవరూ చేయడం లేదు. "అది విండోస్ కాదండీ" అనబోయి నాలుక కరుచుకున్నాను. అని ఉంటే ఏదో చెడిపోయిందనుకుని మర్నాడే మార్పించేసేవాడు.

ఇంటికొచ్చి ఈ సంగతి చెబితే కోర్టులో పనిచేసే మా తోడల్లుడు టీ తాగుతూ, "అదెంత తమ్ముడుగారూ, మేం పొద్దస్తమానం వాడేది ఉబుంటూయేగా" అన్నాడు. ఈ-కోర్టుల ప్రాజెక్టు కింద దేశంలోని జిల్లా, తాలూకా కోర్టులకు ఉబుంటునే ఎంచుకున్నారన్నది పత్రికల్లో వచ్చిన విషయమే. వాయిదా తేదీలు, కేసు నంబర్లు, తీర్పుల నకళ్లు అన్నీ దాని మీదే. పండక్కి పక్కపక్కన కూర్చుని గారెలు తిన్నాం, ఇన్నేళ్లలో నేనడగలేదు. ఆయన చెప్పలేదు, ఎందుకంటే అది ఆయనకు ఉద్యోగం, నాకు ఉద్యమం.

ఇప్పుడు నేను తలకాయలు లెక్కపెట్టడం మానేశాను. పనెంత జరుగుతోందో చూస్తున్నాను. హైకూ అని చిన్న ఆపరేటింగ్ సిస్టం ఒకటుంది, పాత బీఓఎస్‌కి వారసుడు. 2012 నవంబరు తర్వాత 2018 సెప్టెంబరు దాకా దాని కొత్త విడుదల ఒక్కటీ రాలేదు. బయటివాళ్లు పోయిందనుకున్నారు. లోపల మాత్రం కోడ్ రాస్తూనే ఉన్నారు. బయటి సందడి తగ్గినంత మాత్రాన చచ్చినట్టు కాదు, పెరిగినంత మాత్రాన బతికినట్టూ కాదు.

మన తెలుగు సంగతి చూద్దామని, లినక్స్ తెర మీది మెనూలు వగైరా తయారుచేసే గ్నోమ్ వాళ్ల అనువాదాల పట్టిక తెరిచాను. ఏ భాషలో ఎంత శాతం పూర్తయిందో చూపించే ఆ పట్టికకు వాళ్లు ముద్దుగా పెట్టుకున్న పేరు 'డ్యామ్డ్ లైస్'. లెక్కల మీద నమ్మకం ఎంతుందో దానికి తగ్గ పేరే. కానీ ఈ ఒక్క అంకెని మాత్రం నాలాంటివాడు పెంచి చెప్పలేడు. కొత్త విడుదలకల్లా కొత్త వాక్యాలొచ్చి పడతాయి. కూర్చుని తెలుగు చేసేవాళ్లు లేకపోతే, ఎవరూ ఏమీ చెడగొట్టకపోయినా శాతం దానంతటదే దిగిపోతుంది. తెలుగు మెనూల మధ్యలో ఇంగ్లీషు ముక్కలు కనిపించడం మొదలైందంటే ఆ కుర్చీలు ఖాళీ అయ్యాయని అర్థం. ఊరూరా వేలమంది ఉన్నారని నేను టముకు వేసిన ఏళ్లలో ఆ పట్టికలో నా చేత్తో చేరిన వాక్యం ఒక్కటీ లేదు.

ఇది చదివేవాళ్లలో లినక్స్ ఎక్కించుకునేవాళ్లు ఎవరైనా ఉంటే రెండు మనవులు. డెబియన్ ఎక్కించేటప్పుడు వాడకం వివరాలు పంపమంటారా అని అడుగుతుంది. ముందుగానే 'వద్దు' అని గుర్తు పెట్టి ఉంటుంది. దాన్ని 'సరే'కి మార్చండి. తెలుగు మెనూలో ఇంగ్లీషు ముక్క కనిపిస్తే విసుక్కోకుండా గ్నోమ్ తెలుగు జట్టులో చేరి ఆ ఒక్క వాక్యం తెలుగు చేసి పంపండి. మా వట్లూరులో లినక్స్ వాడేవాళ్లెంతమందని మాత్రం నన్ను అడక్కండి.