బఫర్ చూపించారా?

మా రోజుల్లో షిఫ్టు ఎక్కగానే మొదటి పని పీహెచ్ మీటరు దగ్గరే. పొటాషియం హైడ్రోజన్ థాలేట్ తూచి కరిగిస్తే 4, బోరాక్స్‌తో 9.2, మధ్యలో ఫాస్ఫేట్‌తో 7. పీహెచ్ ముందే తెలిసిన ఈ మూడు బఫర్ ద్రావణాలకూ మీటరు సరిగ్గా చూపించాకే శాంపిల్ ముట్టుకునేవాళ్లం. 25 డిగ్రీల దగ్గర ఒక్కో పీహెచ్‌కి 59 మిల్లీవోల్టులు రావాలి. ఈ స్లోపు బాగా పడిపోతే ఎలక్ట్రోడ్ కడిగేవాళ్లం, అప్పటికీ లేవకపోతే పారేసేవాళ్లం. లాగ్ బుక్కులో ఆ పూట రాత లేకపోతే సీనియర్ కెమిస్టు రిపోర్టు మీద సంతకం పెట్టేవారు కాదు.

ఇప్పుడు పైడిభీమవరం వైపు మందుల ఫ్యాక్టరీల కుర్రాళ్లని అడిగితే "సాఫ్ట్‌వేరే సరిచేసేసుకుంటాది మాస్టారూ" అంటున్నారు. 2014 ఫిబ్రవరిలో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 17 రకాల పరిశ్రమలను ఆన్‌లైన్ మీటర్లు పెట్టమంది. మందుల తయారీ అందులో ఒకటి. మంచి పనే. కానీ ప్రోబ్‌కి పాచి పట్టినా రీడింగు సర్వర్‌కి పోతూనే ఉంటుంది.

గ్యాస్ సెన్సర్లతో ఇంకా కష్టం. టిన్ ఆక్సైడ్ సెన్సర్ ఎప్పుడూ వేడి మీదే ఉంటుంది, ఏళ్లు గడిచేకొద్దీ దాని గుణమే మారుతుంది. సిలికోన్ ఆవిరి తగిలితే మొద్దుబారుతుంది. మన సముద్రపు గాలిలో తేమ ఒకటి. శాన్ డియాగోలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం వాళ్లు 16 సెన్సర్లకు ఆరు వాయువులు పెట్టి 36 నెలలు చూశారు. కంప్యూటరుకి మొదట్లో నేర్పిన లెక్క పోనుపోను ఒక వాయువుని ఇంకొకటిగా చెప్పింది. లెక్కలు మార్చి కొంత సరిదిద్దారు, ఆ విద్యను నేను కాదనను. అయితే ఏ గ్యాసు ఎంత పంపారో ప్రతిసారీ వాళ్లకు తెలుసు.

తెలిసిన గ్యాసు సిలిండరు స్టోర్సులో సీలు విప్పకుండా ఉంటే మన సాఫ్ట్‌వేరు దేన్ని చూసి సరిచేస్తుంది? రీడింగు రోజుకింత పైకి పోతుంటే అది డ్రిఫ్టో, ఎక్కడో ఫ్లాంజి కారుతోందో దానికెలా తెలుస్తుంది? జీరోని తనంతట తానే సవరించుకునే యంత్రం మెల్లగా మొదలైన లీకుని కూడా డ్రిఫ్టు అనుకుని తుడిచేయగలదు. నన్ను భయపెట్టేది ఇదే.

బాబూ, షిఫ్టు ఎక్కగానే హైడ్రోజన్ సల్ఫైడ్ డిటెక్టరుకి సిలిండరు గ్యాసు ఒక్కసారి చూపించండి. ఎంతో సేపు పట్టదు. అప్పుడు అలారం మోగకపోతే వ్యర్థజలాల శుద్ధి ప్లాంటు (ఈటీపీ) సంపులోకి ఎవరినీ దించకండి. దిగేది రణస్థలం, పూసపాటిరేగ ఊళ్ల మన పిల్లలే.