అభిరుచికి తగ్గ ఎంపీసీ

పుర్రెకో బుద్ధి, జిహ్వకో రుచి అన్నారు పెద్దలు. అప్పటికి కార్పొరేట్ కాలేజీలు లేవు కాబట్టి అనగలిగారు. ఇప్పుడు మన రెండు రాష్ట్రాల్లోనూ ఉన్న బుద్ధులు రెండే. లెక్కలొస్తే ఎంపీసీ, రక్తం చూసి భయపడకపోతే బైపీసీ. లెక్కలూ రాక, రక్తమూ చూడలేని వాడి సంగతేమిటంటారా? ఎంపీసీయే. వాళ్ల నాన్నకు ఇష్టం మరి.

పది పరీక్షలు మార్చిలో. కాలేజీ పీఆర్వో మాత్రం సంక్రాంతి ముగ్గులు చెరగకముందే గడప తొక్కుతాడు. మీ ఫోన్ నంబరు, అబ్బాయి ప్రీఫైనల్ మార్కులు మీకన్నా అతనికే బాగా గుర్తుంటాయి. సోఫాలో సర్దుకుని కూర్చుని, రంగుల బ్రోచర్ టీపాయ్ మీద పరుస్తాడు.

"మావాడికి బొమ్మలెయ్యడమంటే ప్రాణమండీ."

"సూపర్ సార్! మా ఫిజిక్స్‌లో డయాగ్రమ్సే డయాగ్రమ్స్."

"క్రికెట్ కూడా బాగా ఆడతాడు."

"అందుకే సార్, మేం గ్రౌండే పెట్టలేదు. డిస్టర్బెన్స్ ఉండదు."

ఆ తర్వాత ఎంపిక పూర్తిగా మీ చేతుల్లోనే. ఏసీ క్యాంపసా, నాన్ ఏసీయా? హాస్టలా, డేస్కాలరా? ఈ వారంలో అడ్వాన్సు కడితే ఫీజులో తగ్గింపు. ఇంతకంటే స్వేచ్ఛ ఏ దేశంలో ఉంది?

వేరే దారులు లేవా అంటే, బోలెడున్నాయి. పాలిసెట్ రాస్తే మూడేళ్ల డిప్లొమా, ఆ పైన ఈసెట్‌తో నేరుగా ఇంజినీరింగ్ రెండో ఏడాదిలోకే వెళ్లొచ్చు. మగ్గం మీద మనసుంటే వెంకటగిరిలో చేనేత సాంకేతిక సంస్థ ఉంది. నాట్యమైతే కూచిపూడి ఊళ్లోనే సిద్ధేంద్రయోగి కళాపీఠం. ఇంటర్‌లో ఏ గ్రూపు చదివినా, బొమ్మలేసేవాడికి హైదరాబాద్ మాసబ్‌ట్యాంక్‌లో ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీ, ఇంట్లో ప్రతిదానికీ వాదించేవాడికి క్లాట్ రాసి శామీర్‌పేటలో నల్సార్. సర్కారీ జూనియర్ కాలేజీల్లో సీఈసీ, హెచ్ఈసీ ఉండనే ఉన్నాయి.

వీటన్నిటితో వచ్చిన చిక్కల్లా ఒక్కటే. వీటికి పీఆర్వోలు లేరు. చౌరస్తాలో ఫ్లెక్సీ కట్టరు. టీవీలో ఊపిరి తిప్పుకోకుండా ర్యాంకులు చదవరు. మనింటికొచ్చి టీ కూడా తాగని కాలేజీని నమ్మి పిల్లాణ్ణి ఎలా పంపిస్తాం చెప్పండి? పైగా అపార్ట్‌మెంట్ లిఫ్టులో ఎవరైనా అడిగితే "మావాడు హెచ్ఈసీ" అని చెప్పి, మూడో అంతస్తు వచ్చేదాకా ఆ జాలిచూపులు భరించాలి.

రెండేళ్లు గిర్రున తిరిగి ఈఏపీసెట్ వెబ్ ఆప్షన్లు వచ్చేస్తాయి. ఎన్ని ఇష్టాలైనా పెట్టుకోమంటుంది ప్రభుత్వం. ఇంటిల్లిపాదీ ల్యాప్‌టాప్ చుట్టూ చేరతారు. అమెరికా నుంచి బాబాయి వీడియో కాల్‌లో సిద్ధం. మొదటి ఇష్టం సీఎస్ఈ. రెండోది సీఎస్ఈ ఏఐ. మూడోది సీఎస్ఈ డేటా సైన్స్. నాలుగోది సీఎస్ఈ సైబర్ సెక్యూరిటీ. అలా తొంభయ్యో ఇష్టం దాకా వచ్చాక అమ్మకు అనుమానమొస్తుంది: "వాణ్ణి ఓసారి పిలుద్దామా?"

"వాడెందుకే? ఓటీపీ నా ఫోనుకే వస్తుంది" అంటాడు నాన్న.