బావ వీపు మీద బియ్యం

షుగరు బోర్డర్లో ఉంది, రోజూ కాస్త నడవండి అని డాక్టరు చెప్పింది పొద్దున. సాయంత్రానికల్లా మా బావ యాభై లీటర్ల బ్యాక్‌ప్యాకుతో కూకట్‌పల్లి ఇంటికొచ్చాడు. మర్నాడు చీలమండల దాకా వచ్చే బూట్లు, ఆ మర్నాడు మడతపెట్టే కర్రలు రెండు, ఆపైన గొట్టంతో పీల్చుకునే నీళ్ల తిత్తి. నడక మాత్రం ఆదివారానికి వాయిదా పడింది.

ఇలాంటివాళ్లు ఇప్పుడు అపార్ట్‌మెంటుకొకరు ఉన్నారు. గుర్తుపట్టడం తేలికే. కొండ అనరు, ఎలివేషన్ అంటారు. మనం మంచినీళ్లు తాగుతాం, వాళ్లు హైడ్రేట్ అవుతారు. రోజుకు పదివేల అడుగులన్నది ఏ డాక్టరో కనిపెట్టిన లెక్క కాదు బావా, 1965లో జపాన్‌లో అమ్మిన అడుగులు లెక్కపెట్టే యంత్రానికి పెట్టిన పేరది అని చెప్పి చూశాను. “అందుకే నేను జపాన్ వాచీ కొన్నా” అన్నాడు.

తొలి దండయాత్ర మూసీ పుట్టిన అనంతగిరి మీదికి. రానూపోనూ నూటయాభై కిలోమీటర్ల పైచిలుకు కారు నడిచింది. బావ నాలుగు నడిచాడు.

అన్నిటికన్నా ఆయన సాధన చూడాలి. వీపు మీది బరువు ఒంటి బరువులో అయిదోవంతు మించకూడదట. లెక్కకట్టి, పది కిలోల సోనామసూరి బ్యాగులో పోసుకుని, తెల్లారగట్ల హాల్లోంచి బాల్కనీకీ బాల్కనీలోంచి హాల్లోకీ ట్రెక్కింగు. పది రోజులకు ఫోను చేశాడు. “బామ్మర్దీ, బ్యాగు దూదిపింజలా ఉందిరా! స్టామినా అంటే ఇదీ!”

వెనకనుంచి అక్క గొంతు వినబడింది. “వాడొచ్చేటప్పుడు ఓ బియ్యం బస్తా తెమ్మనండి. బ్యాగులోవి అడుగంటాయి.”

రోజూ మూడు గ్లాసులు అందులోంచే తీసి ఎసట్లో పోస్తోందట.

ఆ స్టామినాని నమ్ముకునే అలిపిరి చేరాం. 3,550 మెట్లు. సామాన్ల కౌంటరు వైపు నేను నడవబోతే బావ చెయ్యి పట్టుకుని ఆపాడు. “బరువు లేని ట్రెక్కు కూడా ఓ ట్రెక్కేనా?” కొండమీద గది బుక్కయి ఉంది. అయినా బ్యాగులో గుడారముంది, పడుకునే సంచీ ఉంది, నెత్తికి కట్టుకునే లైటు ఉంది. స్వామివారి మెట్ల మీద బూట్లేమిటని అక్క కళ్లెర్రజేస్తే, అవీ విప్పి బ్యాగుకే వేలాడదీశాడు. ఇంకో కిలోన్నర.

గాలిగోపురం ఇంకా రానేలేదు, బావ మెట్టుకో ఫొటో నుంచి మెట్టుకో నిట్టూర్పుకి దిగాడు. పక్కనే ఓ ముసలమ్మ, మణికట్టు దాకా పసుపు. వంగి మెట్టుకు పసుపు రాస్తోంది, బొట్టు పెడుతోంది, లేస్తోంది, పై మెట్టుకి వంగుతోంది. అలా వంగుతూ లేస్తూనే మమ్మల్ని దాటిపోయింది. పోతూ పోతూ బావ బ్యాగుని కింది నుంచి పైదాకా చూసింది.

“ఏం నాయనా, కొండమీద కాపురం పెట్టేదానికి పోతాండావా?”

జవాబు చెప్పడానికి బావ దగ్గర ఊపిరి లేదు. గొట్టం నోట్లో పెట్టుకున్నాడు.

తిరుగు ప్రయాణం బస్సులో. ఎక్కేటప్పటికన్నా దిగేటప్పుడే మోకాళ్ల మీద భారం ఎక్కువ పడుతుందని దారంతా చెప్పాడు. నిజమే కనక నేనేమీ అనలేదు.

మీరెప్పుడైనా నడిచి వెళితే అలిపిరిలో సామాన్లు ఇచ్చేయండి, పైసా తీసుకోకుండా కొండమీదికి చేరుస్తారు. మోకాళ్లపర్వతం నుంచి బావ బ్యాగు మోసినవాణ్ని, నా మాట వినండి.